పుస్తకాల్లో లేని పాఠం ఎవరు చెప్పాలి? ఇంటర్నెట్ రంగంలోకి వచ్చే కొత్తవారికి స్వచ్ఛంద మార్గదర్శకుల అవసరం

2008 ఫిబ్రవరి 24. యూట్యూబ్‌ను దేశంలో నిలిపివేయాలన్న ప్రభుత్వ ఆదేశాన్ని అమలు చేసే క్రమంలో పాకిస్థాన్ టెలికాం సంస్థ తన నెట్‌వర్క్‌లో ఒక రూటింగ్ ప్రకటన పెట్టింది. దేశం లోపలే ఆగాల్సిన ఆ ప్రకటన సరిహద్దు దాటింది. పై స్థాయిలో ఉన్న మరో నెట్‌వర్క్ దాన్ని సరిచూడకుండానే మిగతా ప్రపంచానికి అందించింది. ఫలితంగా సుమారు రెండు గంటల పాటు ప్రపంచంలోని చాలా ప్రాంతాల్లో యూట్యూబ్ తెరుచుకోలేదు.

నెట్‌వర్క్ ఇంజినీర్లు నేటికీ ఉదాహరణగా చెప్పుకొనే ఈ ఘటనలో పరికరాలు చెడిపోలేదు. నెట్‌వర్క్‌ల మధ్య దారులు చూపే బీజీపీ ప్రొటోకాల్ కూడా తనకు అందిన సమాచారాన్ని నమ్మి యథావిధిగా పనిచేసింది. ఏ ప్రకటనను బయటకు పోనివ్వాలి, పక్క నెట్‌వర్క్ చెప్పినదాన్ని ఎంతవరకు నమ్మాలి, పొరపాటు జరిగితే అర్ధరాత్రి ఎవరిని నిద్ర లేపాలి అన్న జాగ్రత్తల దగ్గరే లోపం జరిగింది. బీజీపీ ఎలా పనిచేస్తుందో ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకం చెబుతుంది. ఈ జాగ్రత్తలు మాత్రం చాలావరకు అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకున్నవే.

ఇంటర్నెట్‌ను నడిపే పనిలో ఇలాంటి రాతకెక్కని విద్య చాలా ఉంది. దాన్ని కొత్తతరానికి అందించేందుకు ఈ రంగంలోని పలు సంస్థలు స్వచ్ఛంద మార్గదర్శకుల వ్యవస్థను నడుపుతున్నాయి. అనుభవం ఉన్నవారు ఎలాంటి వేతనమూ తీసుకోకుండా, వృత్తిలోకి కొత్తగా వచ్చినవారికి కొన్ని నెలల పాటు తోడుగా ఉండడమే ఈ ఏర్పాటు. వినడానికి ఇది చిన్న సేవలా కనిపించవచ్చు. ఇంటర్నెట్ నిర్మాణాన్ని దగ్గరగా చూస్తే ఈ సేవ ఎందుకు కీలకమో అర్థమవుతుంది.

యజమాని లేని వ్యవస్థ

రైల్వేలకు ఒక బోర్డు ఉంది. విద్యుత్ సరఫరాకు డిస్కమ్‌లు ఉన్నాయి. ఇంటర్నెట్‌కు అలాంటి ఒకే యజమాని లేరు. వేలాది స్వతంత్ర నెట్‌వర్క్‌లు పరస్పర అంగీకారంతో కలిసి పనిచేయడమే ఇంటర్నెట్. ఆ అంగీకారాలు కుదిరే వేదికలు కూడా వేర్వేరుగా ఉన్నాయి.

సాంకేతిక ప్రమాణాలు ఇంటర్నెట్ ఇంజినీరింగ్ టాస్క్ ఫోర్స్ (ఐఈటీఎఫ్)లో రూపొందుతాయి. డొమైన్ పేర్ల విధానాలు ఐకాన్‌లో చర్చకు వస్తాయి. ఆసియా-పసిఫిక్ ప్రాంతంలో ఐపీ చిరునామాల పంపిణీని ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా పనిచేసే ఏపీనిక్ చూస్తుంది. దక్షిణాసియా నెట్‌వర్క్ ఇంజినీర్లకు శానోగ్ అనే వేదిక ఉంది. ఇక సర్వర్లలో నడిచే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం ఓపెన్ సోర్స్ బృందాలు రాసినదే.

ఈ వేదికల్లో చాలావాటికి తలుపులు తెరిచే ఉంటాయి. ఐఈటీఎఫ్‌లో సభ్యత్వమంటూ లేదు. ఈమెయిల్ చిరునామా ఉన్న ఎవరైనా చర్చాబృందంలో చేరవచ్చు, అభిప్రాయం చెప్పవచ్చు. అక్కడ కంపెనీల తరఫున ఓట్లు ఉండవు. వ్యక్తులు వ్యక్తులుగానే మాట్లాడతారు.

అయితే తెరిచిన తలుపు ఒక్కటే సరిపోదు. లోపలికి అడుగుపెట్టిన కొత్తవారికి అక్కడి మర్యాదలు తెలియవు. ఐఈటీఎఫ్ సమావేశాల్లో సభ ఎటు మొగ్గుతోందో తెలుసుకోవడానికి చేతులెత్తించే బదులు గొంతులో సన్నగా హుంకరించమని అడిగే సంప్రదాయం ఉంది. ఓట్లు లెక్కపెట్టకుండా, ఎవరి మీదా ఒత్తిడి పడకుండా గది మొత్తం అభిప్రాయాన్ని పసిగట్టడం దీని ఉద్దేశం. మొదటిసారి చూసినవారికి ఇది వింతగా ఉంటుంది. ఒక ముసాయిదాను ఎవరు ముందుకు తీసుకెళతారు, ఈమెయిల్‌లో అభ్యంతరాన్ని ఎలా రాయాలి, చర్చ ముగిసిన అంశాన్ని మళ్లీ లేవనెత్తితే ఎందుకు విసుక్కుంటారు వంటి విషయాలను నిబంధనల పుస్తకం కొంతే చెప్పగలదు. మిగతాది ఎవరో ఒకరు పక్కకు పిలిచి చెప్పాలి.

ఆ చెప్పేవారు అందుబాటులో ఉన్నవారికే దారి సులువవుతుంది. పెద్ద కంపెనీలో చేరిన ఇంజినీరుకు పక్క టేబుల్ దగ్గరే అనుభవజ్ఞులు దొరుకుతారు. చిన్న పట్టణంలోని కేబుల్ ఇంటర్నెట్ సంస్థలో పనిచేసే ఇంజినీరుకు ఆ అవకాశం ఉండదు. స్వచ్ఛంద మార్గదర్శకత్వం పూడ్చదలిచిన అగాధం ఇదే.

తొలి అడుగులు వేసింది కొత్తవారే

ఇంటర్నెట్ చరిత్రను చూస్తే, కొత్తవారికి చోటివ్వడం ఆ వ్యవస్థ పుట్టుకలోనే ఉంది. ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ ప్రమాణాల కోసం 1969 ఏప్రిల్‌లో తొలి పత్రం రాసిన స్టీవ్ క్రాకర్ అప్పటికి కాలిఫోర్నియాలో పరిశోధక విద్యార్థి. పెద్దలు ఎవరైనా వచ్చి నిర్ణయాలు ప్రకటిస్తారేమోనన్న సంకోచంతో ఆయన ఆ పత్రాల వరుసకు ‘అభిప్రాయాలు తెలపండి’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆర్‌ఎఫ్‌సీలుగా పిలిచే ఆ వరుస నేటికి 9,000 దాటింది. ఇంటర్నెట్ ప్రమాణాలు ఇప్పటికీ ఆ పేరుతోనే వెలువడుతున్నాయి.

భారతీయులకు ఈ చరిత్రలో మొదటి నుంచీ చోటుంది. కంప్యూటర్ల మధ్య ఫైళ్లను పంపే ఎఫ్‌టీపీ విధానానికి 1971 ఏప్రిల్‌లో వెలువడిన తొలి పత్రం, 114వ ఆర్‌ఎఫ్‌సీ, రాసింది అభయ్ భూషణ్. ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివిన ఆయన అప్పట్లో అమెరికాలోని ఎంఐటీలో ఉన్నారు. అప్పటికి ఆయన కూడా వృత్తి జీవితం ఆరంభంలో ఉన్న యువకుడే.

ఇదే చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇంటర్నెట్ చిరునామాలు, ప్రొటోకాల్ సంఖ్యల పట్టికలను దశాబ్దాల పాటు ప్రధానంగా జాన్ పోస్టెల్ అనే ఒకే వ్యక్తి చూసుకున్నారు. ఆర్‌ఎఫ్‌సీల సంపాదకత్వమూ ఆయనదే. 1998 అక్టోబర్‌లో ఆయన 55 ఏళ్ల వయసులో హఠాత్తుగా మరణించారు. ఆ బాధ్యతలను స్వీకరించేందుకు ఐకాన్ అప్పుడప్పుడే ఏర్పడుతోంది. ఒక వ్యక్తి జ్ఞాపకం మీద, ఆయనపై ఉన్న నమ్మకం మీద నడిచిన పనిని సంస్థాగత ప్రక్రియగా మార్చడానికి ఏళ్లు పట్టింది. అనుభవం ఒక్కరి దగ్గరే పోగుపడితే, ఆ ఒక్కరూ లేని రోజున మొత్తం వ్యవస్థ తడబడుతుందన్న విషయం అప్పుడు అందరికీ తెలిసివచ్చింది.

ఏ వేదికలో ఏ ఏర్పాటు

మార్గదర్శకత్వం ఈ వేదికల్లో వేర్వేరు రూపాల్లో సాగుతోంది.

1986 జనవరిలో 21 మందితో మొదలైన ఐఈటీఎఫ్ ఇప్పుడు ఏటా మూడుసార్లు సమావేశమవుతోంది. కొత్తగా వచ్చేవారిని అనుభవజ్ఞులతో జతచేసే ‘గైడ్స్’ కార్యక్రమం అక్కడ ఉంది. ఏ చర్చలకు వెళ్లాలి, ఎవరిని కలవాలి, ఏ పత్రాలు ముందే చదవాలి అన్నది ఆ గైడ్ సూచిస్తారు. సమావేశానికి ప్రయాణించలేనివారు ఆన్‌లైన్‌లో పాల్గొనవచ్చు. రుసుము చెల్లించలేని ఆన్‌లైన్ సభ్యులకు మినహాయింపూ ఉంది.

ఐకాన్ 2007 నుంచి ఫెలోషిప్ కార్యక్రమం నడుపుతోంది. ఎంపికైనవారి ప్రయాణ, వసతి ఖర్చులు భరించడంతో పాటు, సమావేశాలకు ముందు నుంచే వారికి మార్గదర్శకులను కేటాయిస్తారు. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసున్న విద్యార్థుల కోసం నెక్స్ట్‌జెన్ అనే మరో కార్యక్రమం ఉంది. ఇంటర్నెట్ సొసైటీ కూడా వృత్తిలోకి కొత్తగా వచ్చినవారి కోసమే ఫెలోషిప్ నడిపింది.

దక్షిణాసియాలో శానోగ్ తొలి సమావేశం 2003 జనవరిలో కాఠ్మాండూలో జరిగింది. నాటి నుంచి దాని సమావేశాలతో పాటు ప్రయోగశాల తరహా శిక్షణ తరగతులు కూడా జరుగుతూ వచ్చాయి. నెట్‌వర్క్‌లు నడిపే ఇంజినీర్లే అక్కడ బోధకులు. రౌటర్ల ముందు కూర్చోబెట్టి, తప్పు చేయనిచ్చి, ఆ తప్పును సరిచేయించడం అక్కడి బోధనా పద్ధతి.

ఓపెన్ సోర్స్ రంగంలో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ 2005లో మొదలైంది. కొత్తవారు ఒక సాఫ్ట్‌వేర్ బృందంతో కలిసి కొన్ని నెలలు పనిచేస్తారు. వారికి భృతి అందుతుంది. దారి చూపేది మాత్రం ఆ బృందంలోని అనుభవజ్ఞులే. మొదట విద్యార్థులకే పరిమితమైన ఈ కార్యక్రమంలోకి 2022 నుంచి విద్యార్థులు కానివారినీ అనుమతిస్తున్నారు. సాంకేతిక రంగంలో తగినంత ప్రాతినిధ్యం దక్కని వర్గాల కోసం అవుట్‌రీచీ అనే ఇంటర్న్‌షిప్ 2010 నుంచి నడుస్తోంది.

వికీపీడియాలోనూ అనేక భాషల్లో కొత్త వాడుకరికి ఒక అనుభవజ్ఞుడిని మార్గదర్శకుడిగా కేటాయించే సదుపాయం ఉంది. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి చర్చించుకునే పేజీకి ‘రచ్చబండ’ అని పేరు. పెద్దల మాటల మధ్య కూర్చుని పిల్లలు లోకం పోకడ నేర్చుకునే ఊరి రచ్చబండనే ఆ పేరు గుర్తుచేస్తుంది.

మార్గదర్శకులు నిజంగా చేసే పని

ఉద్యోగ జీవితంలో మార్గదర్శకత్వంపై 1985లో వెలువడిన కేథీ క్రామ్ పరిశోధన ఈ రంగంలో ప్రామాణికంగా నిలిచింది. మార్గదర్శకుల పనిని ఆమె రెండు పాయలుగా విభజించారు. మొదటిది వృత్తికి సంబంధించిన సాయం. పరిచయాలు చేయించడం, అవకాశాలు చూపించడం, సవాలుతో కూడిన పని అప్పగించడం దీని కిందికి వస్తాయి. రెండోది మనోధైర్యానికి సంబంధించినది. వినడం, ఆదర్శంగా నిలవడం, తాను తగనేమోనన్న భయాన్ని పోగొట్టడం అందులో భాగం. ఈ బంధం ఆరంభమై, బలపడి, విడివడి, చివరకు సమాన స్నేహంగా మారే నాలుగు దశలనూ ఆమె గుర్తించారు.

దీని ప్రభావాన్ని అతిగా ఊహించుకోవడమూ తగదు. అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను క్రోడీకరిస్తూ టామీ అలెన్, సహ పరిశోధకులు 2004లో ఒక సమీక్ష ప్రచురించారు. మార్గదర్శకులు ఉన్నవారికి జీతం, పదోన్నతుల్లో లాభం కనిపించినా అది స్వల్పమేనని అందులో తేలింది. వృత్తి పట్ల సంతృప్తి, నిబద్ధత వంటి అంశాల్లో సంబంధం అంతకంటే స్పష్టంగా ఉంది. అంటే మార్గదర్శకుల వల్ల వెంటనే జీతం పెరుగుతుందని ఆశించడం కంటే, ఈ రంగంలో నిలదొక్కుకోవడానికి తోడు దొరుకుతుందని భావించడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఆచరణలో ఇది ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. అనంతపురం వంటి పట్టణంలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, స్థానిక ఇంటర్నెట్ సేవల సంస్థలో చేరిన ఒక యువతి ఐపీవీ6 చిరునామాల అమరిక పనిలో ఉన్నారనుకుంటే, ఒక ప్రమాణ పత్రంలోని వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నట్లు ఆమె గమనిస్తారు. సంబంధిత చర్చాబృందానికి రాయాలని ఈమెయిల్ సిద్ధం చేసుకుంటారు. రెండు వారాలైనా పంపరు. ప్రపంచంలోని నిపుణులందరూ చదివే చోట తప్పు మాట్లాడితే నవ్వులపాలవుతానన్న భయం, ఇంగ్లిష్ బాగా లేదేమోనన్న సంకోచం ఆమెను ఆపేస్తాయి.

ఈ దశలో అనుభవం లేని మార్గదర్శకులు ఆ ఈమెయిల్‌ను తామే తిరగరాసి ఇస్తారు. అనుభవం ఉన్నవారు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఆ బృందం పాత చర్చల్లో ఈ సందేహం ఇంతకుముందు వచ్చిందేమో వెతికారా? మీ పరికరంలో దీనివల్ల నిజంగా ఏ ఇబ్బంది ఎదురైంది? బృందం నుంచి మీరు కోరుతున్నదేమిటి? ఈ మూడింటికి జవాబు రాసేసరికి రెండు పేజీల ఈమెయిల్ ఆరు వాక్యాలకు కుదించుకుపోతుంది. వెతుకుతున్న క్రమంలోనే ఆ సందేహం సవరణల పట్టికలో చేర్చదగినదని ఆమె గ్రహిస్తారు. ఆర్‌ఎఫ్‌సీలలో పొరపాట్లు కనిపిస్తే ఎవరైనా తెలియజేయడానికి ఆ పట్టిక ఉందని ఆమెకు తెలిసేది కూడా అప్పుడే.

పంపిన తర్వాత ఎవరో ఒకరు కటువుగా బదులిస్తారు. మార్గదర్శకుల అసలు అవసరం ఆ రోజు కనిపిస్తుంది. ఆ కటుత్వం వ్యక్తి మీదా, ప్రతిపాదన మీదా అన్నది విడదీసి చూపించడం, బదులుకు ఒక రోజు ఆగమనడం, ఆ మాట హద్దు దాటిందనిపిస్తే ఎవరికి ఫిర్యాదు చేయాలో చెప్పడం వారి పని. వేధింపుల ఫిర్యాదుల పరిష్కారానికి ఐఈటీఎఫ్ 2016లో ప్రత్యేక ప్రక్రియను ఖరారు చేసింది. అలాంటి ఏర్పాటు ఉందని కొత్తవారికి తెలిసినప్పుడే దానివల్ల ప్రయోజనం.

మొదటి రోజే తేల్చుకోవాల్సినవి

సదుద్దేశంతో మొదలైన మార్గదర్శకత్వం మధ్యలో చల్లబడడానికి ప్రధాన కారణం అంచనాలు స్పష్టంగా లేకపోవడమే. ఒకరు ఉద్యోగం ఇప్పిస్తారని ఆశిస్తారు. మరొకరు కెరీర్ గురించి రెండు మాటలు చెబితే చాలనుకుంటారు. నెల తిరిగేసరికి ఇద్దరూ నిరాశపడతారు. అందుకే తొలి సంభాషణలోనే కొన్ని విషయాలు తేల్చుకోవడం మంచిది.

కాలపరిమితి మొదటిది. ఆరు నెలలు, పక్షానికి ఒక గంట అన్నట్లు ముందే అనుకుంటే, ముగింపు మర్యాదగా ఉంటుంది. లక్ష్యం రెండోది. ‘నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలి’ అన్నది లక్ష్యం కాదు. ‘ఈ ఆరు నెలల్లో మా సంస్థ రూటింగ్ ప్రకటనలకు భద్రతా ధ్రువీకరణ ఏర్పాటు చేయాలి’ అన్నది లక్ష్యం. మూడోది గోప్యత. కొత్తవారు తమ పై అధికారి గురించి చెప్పిన మాట బయటకు పొక్కదన్న భరోసా లేకపోతే, అసలు సమస్య ఎప్పటికీ బయటపడదు. నాలుగోది సంప్రదింపుల పద్ధతి. ఏ సమయంలో, ఏ మాధ్యమంలో మాట్లాడుకోవాలో ముందే నిర్ణయించుకుంటే ఇరువైపులా ఇబ్బంది ఉండదు.

చేయకూడని పనులూ ఉన్నాయి. కొత్తవారితో సొంత ప్రాజెక్టు పనులు ఉచితంగా చేయించుకోవడం మార్గదర్శకత్వం అనిపించుకోదు. వారి ఆలోచనను తన పేరుతో సమర్పించడం ద్రోహమే. ప్రత్యక్ష పై అధికారి మార్గదర్శకుడిగా ఉండడం కూడా సరికాదు. పనితీరుకు మార్కులు వేసే వ్యక్తి ముందు తెలియనితనాన్ని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం.

‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అన్న సామెత ఈ బంధంలో నిత్యం గుర్తుంచుకోదగినది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారికి తమ కాలం పద్ధతులే సరైనవని అనిపించడం సహజం. అప్పట్లో పనికొచ్చిన దారి నేడు మూసుకుపోయి ఉండవచ్చు. ఫోన్‌లోనే ఇంటర్నెట్‌ను మొదటిసారి చూసిన తరం అడిగే ప్రశ్నలు, కంప్యూటర్ ముందు కూర్చుని నేర్చుకున్న తరానికి తట్టకపోవచ్చు. ఈ బంధంలో నేర్చుకోవడం రెండువైపులా సాగుతుందని అనుభవజ్ఞులు తరచూ చెప్పేది అందుకే.

ఒంటరి సేవకుడి అలసట

వారసులను తయారుచేసుకోకపోతే జరిగే నష్టం ఎంత తీవ్రమో 2024 మార్చిలో బయటపడిన ఒక ఘటన చూపించింది. లైనక్స్ సర్వర్లలో ఫైళ్లను కుదించేందుకు విస్తృతంగా వాడే ఎక్స్‌జడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎవరో రహస్య ద్వారం అమర్చారు. సర్వర్‌లోకి ప్రవేశించడానికి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కారణం తవ్వి చూడడంతో అది వెలుగులోకి వచ్చింది. అప్పటికి ఆ రూపం ప్రధాన సర్వర్లకు విస్తరించకపోవడంతో పెను ముప్పు తప్పింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను చాలాకాలంగా దాదాపు ఒకే వ్యక్తి, జీతం లేకుండా, తీరిక సమయంలో చూసుకుంటూ వచ్చారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని ఆయనపై చర్చాబృందంలో ఒత్తిడి పెరిగింది. ఆ సమయంలో ఒక కొత్త వ్యక్తి సాయం చేస్తానంటూ ముందుకొచ్చి, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించి, బాధ్యతలు అందుకున్నారు. రహస్య ద్వారం అమరింది ఆ పేరుతోనే. ఆ పేరు వెనుక ఎవరున్నారో తేలలేదు.

కొత్తవారిని నమ్మకూడదన్న పాఠాన్ని ఈ ఘటన నుంచి తీసుకుంటే అది పొరపాటే. అలసిపోయిన ఒకే ఒక్క మనిషి మీద కోట్లాది యంత్రాల భద్రత ఆధారపడినప్పుడు, సాయం చేస్తానన్న మొదటి చేతిని పట్టుకోవడం తప్ప ఆయనకు దారి లేకపోయింది. ముందు నుంచే నలుగురైదుగురు కొత్తవారు ఆ పనిని నేర్చుకుంటూ, ఒకరి పనిని ఒకరు సరిచూస్తూ ఉండి ఉంటే, మోసగాడికి ఆ ఖాళీ దొరికేది కాదు. మార్గదర్శకత్వం ఈ కోణంలో భద్రతా చర్య కూడా. మనుషులను కాలక్రమంలో, ముఖాముఖి పరిచయంతో, చిన్న బాధ్యత నుంచి పెద్ద బాధ్యతకు పెంచుకుంటూ రావడమే నమ్మకానికి గట్టి పునాది.

తెలుగువారికి ఉన్న పని

ఈ చర్చకు తెలుగు నేలతో నేరుగా సంబంధం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం మూడో వార్షిక సమావేశం 2008 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో జరిగింది. 2016 నవంబర్‌లో ఐకాన్ 57వ సమావేశానికీ అదే నగరం వేదికైంది. ఇంటర్నెట్ మూల పట్టికల నిర్వహణపై అమెరికా ప్రభుత్వ పర్యవేక్షణ 2016 అక్టోబర్ 1న ముగిసిన తర్వాత ఐకాన్ జరిపిన తొలి సమావేశం అదే. ఇంటర్నెట్ పాలనపై యువతకు పాఠాలు చెప్పే ఇన్‌సిగ్ అనే కార్యక్రమం కూడా అదే ఏడాది హైదరాబాద్‌లోనే మొదలైంది.

సమావేశాలు జరిగిపోతాయి. ఆ తర్వాత కొనసాగాల్సిన పని ఉంటుంది. డొమైన్ పేర్లను తెలుగు లిపిలో రాసే ప్రయత్నం అందుకు మంచి ఉదాహరణ. దేశ డొమైన్ ‘.భారత్’ తెలుగు లిపిలోనూ ఉంది. అయితే ఏ అక్షరాల కలయికను డొమైన్ పేరులో అనుమతించాలి, దేన్ని నిషేధించాలి అన్నది తేల్చడానికి లిపి తెలిసినవారు, కంప్యూటర్ తెలిసినవారు కలిసి కూర్చోవాలి. తెలుగుతో సహా తొమ్మిది భారతీయ లిపుల కోసం నవ బ్రాహ్మీ నిపుణుల బృందం ఈ పని చేసింది.

ఆ బృందం ముందుకు వచ్చిన చిక్కుల్లో ఒకటి తెలుగు పాఠకులకు సులువుగా అర్థమవుతుంది. తెలుగు, కన్నడ లిపుల్లో కొన్ని అక్షరాలు అచ్చుగుద్దినట్లు ఒకేలా ఉంటాయి. కంటికి ఒకే పేరుగా కనిపించేదాన్ని రెండు లిపుల్లో ఇద్దరు వేర్వేరుగా నమోదు చేసుకుంటే, బ్యాంకు వెబ్‌సైట్ అనుకుని మోసగాడి వెబ్‌సైట్‌లో పాస్‌వర్డ్ ఇచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే అలాంటి జంటలను గుర్తించి, ఒకరికి ఒకటి ఇస్తే రెండోది మరొకరికి దక్కకుండా నియమాలు రూపొందించారు.

ఇలాంటి నియమాలు ఒకసారి రాస్తే సరిపోవు. సాఫ్ట్‌వేర్ మారుతుంది, వాడుక మారుతుంది, కొత్త మోసాలు పుడతాయి. రేపు వీటిని సవరించాల్సి వస్తే తెలుగు ఒత్తులు, గుణింతాలు ఎలా పనిచేస్తాయో తెలిసి, అంతర్జాతీయ వేదికలో వాదించగల మనిషి కావాలి. అలాంటి మనిషి ఒక్క రోజులో తయారు కారు. ‘పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు’ అన్నట్లు తెలుగు తెలియడాన్ని సాంకేతిక నైపుణ్యంగా లెక్కించని యువ ఇంజినీర్లు చాలామంది ఉన్నారు. ఆ తెలిసినతనానికి ఇక్కడ విలువ ఉందని చెప్పి, ఆ గదిలోకి తీసుకెళ్లేవారు కావాలి.

ఎవరు ముందుకు రావచ్చు

మార్గదర్శకులు కావాలంటే గొప్ప పేరుండాలని, ముప్పై ఏళ్ల అనుభవం కావాలని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. కొత్తవారికి చాలాసార్లు ఉపయోగపడేది తమకంటే మూడు, నాలుగేళ్లు ముందున్నవారే. దారిలోని గుంతలు వారికింకా గుర్తుంటాయి. నిన్నటి ఫెలో నేటి మార్గదర్శకుడు కావడం ఈ వేదికల్లో తరచూ కనిపించే క్రమం.

రంగం కూడా ఇంజినీరింగ్‌కే పరిమితం కాదు. డొమైన్ వివాదాలు చూసే న్యాయవాదులు, సమాచార భద్రతా విశ్లేషకులు, డిజిటల్ హక్కులపై పనిచేసే పరిశోధకులు, పాత్రికేయులు, భాషావేత్తలు అందరూ ఈ వృత్తి పరిధిలోకి వస్తారు. సాంకేతిక వేదికకు వచ్చిన యువ న్యాయవాదికి రూటింగ్ అర్థం కాదు, ఇంజినీరుకు వ్యక్తిగత డేటా చట్టం అర్థం కాదు. ఇద్దరికీ దారి చూపేవారు అవసరమే.

ఆరంభించడానికి పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. ఇప్పటికే నడుస్తున్న కార్యక్రమాల్లో పేరు నమోదు చేసుకోవడం ఒక మార్గం. సొంత సంస్థలోనో, చదువుకున్న కళాశాలలోనో ఒక్కరితో మొదలుపెట్టడం మరో మార్గం. విదేశాల్లో స్థిరపడిన తెలుగు ఇంజినీర్లకు మూడో మార్గం ఉంది. సమావేశాలు ఎక్కువగా ఇతర ఖండాల్లో జరిగే కారణంగా, ఇక్కడి యువత తరచూ అర్ధరాత్రి మేలుకుని ఆన్‌లైన్‌లో పాల్గొనాల్సి వస్తుంది. అదే సమావేశ మందిరంలో ఉన్న తెలుగు ఇంజినీరు విరామంలో పది నిమిషాలు కేటాయించి, తెర వెనుక ఏం జరుగుతోందో వారికి తెలుగులో వివరించినా అది విలువైన సాయమే.

ఒకే ఒక్క పరిమితిని మాత్రం గుర్తుంచుకోవాలి. మార్గదర్శకులు వీసా తిరస్కరణను ఆపలేరు, కళాశాలలో లేని ప్రయోగశాలను సృష్టించలేరు, సంస్థ ఇవ్వని సెలవును ఇప్పించలేరు. స్వచ్ఛంద సేవ ఉందన్న కారణంతో ప్రభుత్వాలు, విద్యాసంస్థలు, కంపెనీలు తమ బాధ్యత నుంచి తప్పుకోకూడదు. ఉద్యోగి మార్గదర్శకుడిగా గడిపే గంటను పనిగంటగా గుర్తించడం కంపెనీలు సులువుగా చేయగల తొలి సాయం.

2008లో ఒక రూటింగ్ ప్రకటన హద్దు దాటిన రోజున దాన్ని సరిచేసింది వేర్వేరు నెట్‌వర్క్‌ల ఇంజినీర్లు. అలాంటి రాత్రుల్లో ఎవరిని పిలవాలో, ఏం చెప్పాలో, ఏ ఆదేశం వెనక్కి తీసుకోవాలో తెలిసిన చేతులు ప్రతి తరంలోనూ ఉండాలి. ఇప్పుడు ఆ పని చేస్తున్నవారిలో చాలామంది క్రమంగా విశ్రాంతి వయసుకు చేరుకుంటున్నారు. వారికి తెలిసినది వారితోనే ఆగిపోతుందా, అనంతపురంలోని ఆ యువ ఇంజినీరు దాకా చేరుతుందా అన్నది పక్షానికి ఒక గంట కేటాయించేవారి సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది.